తవ్వి తీసిన తరాలు నిలవాలంటే

తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ముత్తాత పోయిన తిథి అందరికీ తెలుసు, ఏడాది మాత్రం ఎవరికీ తెలియదు. మాఘ బహుళ షష్ఠి నాడు తద్దినం ఏటా జరుగుతుంది గనుక మాసం, పక్షం, తిథి చెక్కుచెదరవు. సంవత్సరంతో తద్దినానికి పనిలేదు, అందుకే అది జారిపోయింది. తర్పణంలో తండ్రి, తాత, ముత్తాతల తరాలు చెబితే చాలు. ఆపై తరం పేరు ఎవరూ అడగరు కాబట్టి అదీ జారిపోయింది. ఆచారం ఎంత అడిగిందో జ్ఞాపకం అంతే మిగిలింది.

మిగతాదాన్ని వెతికి పట్టుకోవాలని పూనుకునేవాళ్లు ఇప్పుడు ప్రతి బంధువర్గంలోనూ ఒకరో ఇద్దరో కనిపిస్తున్నారు. రిటైరైన హెడ్మాస్టరుగారు, పిల్లల పెళ్లిళ్లయ్యాక తీరిక దొరికిన పిన్నిగారు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ సెలవులకు వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకెళ్లే మనవరాలు. వీళ్లు చరిత్రకారులు కారు. ఇష్టంతో చేస్తారు, సొంత ఖర్చుతో తిరుగుతారు. ఎక్కడ వెతకాలో చెప్పేవాళ్లు వాళ్లకు దొరుకుతారు. వెతికి తెచ్చింది ఎలా సర్దాలి, ఎలా కాపాడాలి, ఎవరికి అప్పజెప్పాలి అని చెప్పేవాళ్లే తక్కువ. ఇరవై ఏళ్లు రాసిన నోటుపుస్తకాలు రాసినాయన పోయిన ఏడాదికే పాతపేపర్లవాడి తక్కెడకు ఎక్కడం చాలా ఇళ్లలో జరిగే పనే. అందుకని ఈ వ్యాసం ఆధారాల గురించి ఎంత చెబుతుందో, వాటిని నిలబెట్టడం గురించి అంతకంటే ఎక్కువ చెబుతుంది.

కుటుంబ చరిత్ర అనగానే తెలుగు పాఠకులకు గుర్తొచ్చే పుస్తకం ‘ఏడు తరాలు’. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’కు సహవాసి చేసిన అనువాదమది. బానిసగా అమ్ముడుపోయిన కుంటా కింటే నుంచి తనదాకా తరాలను పేర్చుకుంటూ వచ్చిన హేలీ, గాంబియాలోని జుఫూరే గ్రామంలో ఒక కథకుడి నోట తన పూర్వీకుడి పేరు విన్నానని రాశాడు. ఆ పుస్తకం లక్షలమందికి తమ వేళ్లు తామే వెతుక్కోవచ్చన్న ధైర్యం ఇచ్చింది. అయితే 1981లో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ అనే ఇద్దరు వంశచరిత్ర పరిశోధకులు వర్జీనియా రికార్డులను తిరగేసి, హేలీ చెప్పిన వరుసకు అవి ఆసరా ఇవ్వడం లేదని చూపారు. కుంటా కింటేను 1767లో ఓడ దింపిందని హేలీ అన్నాడు. కుంటా కింటే అతడేనని హేలీ చెప్పిన టోబీ అనే బానిస పేరు అంతకు ముందే యజమాని కాగితాల్లో ఉంది. నవలగా ఆ పుస్తకం విలువ తగ్గలేదు, వంశచరిత్రగా మాత్రం బీటలు వారింది. ఎలిజబెత్ మిల్స్ ఆ తర్వాత, ఏ సంగతి ఏ కాగితంలోంచి వచ్చిందో ఎలా రాయాలన్న దానిమీదే పెద్ద గ్రంథం రాసింది. ఇష్టం కొద్దీ ఈ పనిలోకి దిగేవాళ్లు ‘ఏడు తరాలు’తోపాటు ఈ వెనకకథ కూడా తెలుసుకోవాలి.

మనకూ అలాంటి కథకులున్నారు. రెడ్లు, కమ్మలు, కాపుల గోత్రాలూ వంశాలూ చెప్పే పిచ్చిగుంట్లవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు. ఊళ్లను మిరాశీ హక్కుగా పంచుకుని తరతరాలుగా వచ్చి కథ చెప్పి, కట్నం అందుకుని వెళ్లేవారు. తెలంగాణలో ఇలాంటి బృందాలు చాలావరకు చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలను విప్పుతూ కథ నడిపిస్తాయి. వాళ్ల నోట వచ్చేది కులపురాణం, దానికి అతుక్కుని కొన్ని ఇళ్ల పేర్లు. ఏది పురాణం, ఏది కుటుంబ సంగతి అని విడదీసి రాసుకోవాలి. విడదీయాలంటే ముందు మొత్తం రికార్డు చేసి ఉండాలి. ఆ కథలు చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు కాబట్టి, కాగితాల కోసం ఆఫీసులు తిరగడం కంటే ఈ పని ముందు చేయాలి. ఆఫీసులో కాగితం వచ్చే ఏడాదీ ఉంటుంది.

ఉత్తరాది తీర్థాల్లో పండాల దగ్గర ఉండే బహీల మాట వేరు. హరిద్వార్, గయ వంటి చోట్ల యాత్రికుడు వచ్చినప్పుడు ఊరు, తండ్రి, తాత, వెంట వచ్చినవాళ్ల పేర్లు పండా తన పుస్తకంలో ఎక్కిస్తాడు. తర్వాతి తరం వెళ్తే పాత పేజీ తీసి చూపిస్తాడు. హరిద్వార్ బహీలను అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం మైక్రోఫిల్మ్ తీసుకుంది. అస్థికలు గంగలో కలపడానికి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ దుఃఖంలో పేజీ ఫొటో తీసుకోవడం మరిచిపోతాయి. వెళ్లేవాళ్ల చేతికి ముందే ఒక చీటీ రాసి ఇవ్వడం మంచిది: పండా పేరు, బహీ గుర్తు, పేజీ, ఆ పేజీకి ముందూ వెనకా ఉన్న పేజీల ఫొటోలు.

ఇక ఊరి కాగితాలు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల సహచరులూ 19వ శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి రాయించిన కైఫియత్తుల్లో గ్రామం పుట్టుక, గుళ్లు, మాన్యాలతోపాటు కరణాల వంశాల వరసలు కూడా కనిపిస్తాయి. సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించాడు. కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. కోస్తా, రాయలసీమల్లో ఇనాం భూమి ఉన్న కుటుంబాలకు 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు బంగారు గనులు. మాన్యం మొదట ఎవరికి ఇచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నవాడు అతనికి ఏమవుతాడు అన్నది అందులో వరసలతో సహా ఉంటుంది. నిజాం రాజ్యంలో ఇనాములకూ జాగీర్లకూ ముంతఖబ్‌లు అనే హక్కు పత్రాలు ఆ పని చేశాయి. 1948కి ముందరి తెలంగాణ రెవెన్యూ కాగితాలు ఉర్దూలో, అంతకంటే పాతవి ఫారసీలో ఉంటాయి. గొలుసుకట్టు రాత చదివేవాళ్లు ఊళ్లో ఒకప్పుడు ఉండేవారు, ఇప్పుడు హైదరాబాదులోనే వెతుక్కోవాలి. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లేవాళ్లు ముందుగా ఊరి పేరు, పాత తాలూకా, పాత జిల్లా రాసుకుని వెళ్లాలి. ఇవాళ్టి మండలం, ఇవాళ్టి జిల్లా పేరు అక్కడ పనికిరావు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లడం తేలిక, ఎందుకంటే అందులో సర్వే నంబరూ పట్టాదారూ అనుభవదారూ ఒకే వరసలో దొరుకుతారు.

1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులు రద్దయ్యాయి. కొన్ని పుస్తకాలు తహసీలు ఆఫీసుకు చేరాయి, కొన్ని పాత కరణాల ఇళ్ల అటకలమీదే ఉండిపోయాయి. ఆ అటకల యజమానులను బంధువులుగానే చూడాలి, అడగ్గానే ఇవ్వకపోయినా నొచ్చుకోకూడదు. పుస్తకం తీసుకురానక్కర్లేదు, అక్కడే కూర్చుని ఫొటో తీసుకునే వీలు అడిగితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ ఇచ్చేది మాత్రం ఇంట్లో ఉండే పాత పంపక దస్తావేజు. స్వాతంత్ర్యానికి ముందరి దస్తావేజు ఒకటి తెరిచి చూస్తే సంగతి తెలుస్తుంది. మొదటి పేజీలో అన్నదమ్ముల పేర్లు, తండ్రి పేరు, వయసులు, వృత్తి, కాపురం, తాలూకా. మైనరు తమ్ముడుంటే వాడికి సంరక్షకురాలిగా తల్లి పేరు. ఆ తర్వాత ఆస్తి: పెంకుటిల్లు, పశువుల కొట్టం, జోడెడ్లు, నూతిలో వాటా, దొడ్లో కొబ్బరిచెట్లు చెట్టు చెట్టునా లెక్క. పెళ్లి కావలసిన చెల్లెలి ఖర్చు ఎవరు పెట్టాలో ఉంటుంది. విధవరాలైన పెద్దమ్మకు ఏటా ఎన్ని బస్తాల ధాన్యం మనోవర్తి ఇవ్వాలో ఉంటుంది. చేతిరాత వంశవృక్షాల్లో ఎక్కడా కనిపించని ఆడవాళ్ల పేర్లు ఇక్కడ కనిపిస్తాయి. పసుపు కుంకుమల కింద కూతురికి రాసిన దాన దస్తావేజులోనూ అంతే. హద్దుల్లో తూర్పున ఫలానావారి పొలం అన్నచోట పక్క పొలం ఆసామి చాలాసార్లు పెదతండ్రి కొడుకే అయివుంటాడు. చివర సాక్షులు, లేఖరి, సంతకం రానివాళ్ల వేలిముద్రలు. ఆస్తి లెక్క కోసం ఒకసారి, మనుషుల కోసం ఇంకోసారి చదవాలి ఈ దస్తావేజును.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్థిరాస్తి దస్తావేజులు 1వ పుస్తకంలోకి, వీలునామాలు 3వ పుస్తకంలోకి, ఇతరాలు 4వ పుస్తకంలోకి ఎక్కుతాయి. 1వ పుస్తకం నకలు ఎవరైనా అడగవచ్చు. 3వ పుస్తకంలోని వీలునామా నకలు రాసినవాళ్లు బతికుండగా వాళ్లకూ వాళ్ల తరఫువాళ్లకూ మాత్రమే, వాళ్లు పోయాక ఎవరైనా అడగవచ్చు. 4వ పుస్తకం నకలు రాసినవాళ్లకూ దాని కింద హక్కున్నవాళ్లకూ వాళ్ల తరఫువాళ్లకూ మాత్రమే. ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ వివరాలు 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతాయి, అంతకు ముందువి చేతితో వెతికించుకోవాలి. జనాభా లెక్కల మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పాత గణన పత్రాలు ఇంటింటి పేర్లతో జనానికి తెరిచి పెట్టారు, మన దగ్గర ఆ పత్రాలను ఎవరికీ చూపరు.

భూమి లేని కుటుంబాల మాటేమిటి? దస్తావేజుల చరిత్ర ఎప్పుడూ భూమి ఉన్నవాళ్ల చరిత్రే. దళిత కుటుంబాలకు మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు, మిషన్ బడుల హాజరు పుస్తకాలు ఆ ఖాళీని కొంత పూడుస్తాయి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో జె.ఇ. క్లౌ బృందం ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. అలాంటి రిజిస్టర్లో పాత పేరు, కొత్త పేరు, పల్లె పక్కపక్కన ఉంటే అది ఒక కుటుంబానికి తొలి రాతపత్రం అవుతుంది. వలస కాగితాలు ఇంకొక ఆధారం. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరిన 1,52,184 మంది ఒప్పంద కూలీల ఓడ జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, గ్రామం, ఒంటిమీది మచ్చలు ఉన్నాయి. మారిషస్ వెళ్లినవాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. ఫిజీకి మద్రాసు ప్రాంతం నుంచి 1903 మొదలు వెళ్లారు. అక్కడి తెలుగువాళ్లు ఇక్కడి పల్లెను వెతుక్కుంటూ వస్తున్నారు. ఇక్కడివాళ్లు కూడా, ఇల్లు విడిచి వెళ్లిపోయాడని మాత్రమే గుర్తున్న అన్నదమ్ముడి కోసం ఆ జాబితాలు చూడాలి. ఇంగ్లీషు గుమాస్తా చెవికి ఊరి పేరు ఎలా వినిపించి ఉంటుందో ఊహించి నాలుగు రకాల స్పెల్లింగులతో వెతకాలి.

తెచ్చిన కాగితాలకు వెంటనే అడ్డం తగిలేది తేదీ. తెలుగు సంవత్సరాలు అరవైకి ఒకసారి తిరిగి వస్తాయి. రక్తాక్షిలో పుట్టాడంటే 1864-65 కావచ్చు, 1924-25 కావచ్చు, 1984-85 కావచ్చు. తండ్రి వయసు, పెళ్లి కాలం పక్కన పెట్టి చూస్తే ఏ చక్రమో తేలుతుంది. పెద్దవాళ్లు ఉప్పెనతోనో కరువుతోనో కాలం చెబుతారు. అవి గట్టి గుర్తులు. గుంటూరు ప్రాంతంలో నందన కరువు అంటే 1832-33. ధాత కరువు అంటే 1876-77లో మొదలైన మహా క్షామం. బందరు ఉప్పెన 1864 నవంబరు 1 రాత్రి. హైదరాబాదు మూసీ వరద 1908 సెప్టెంబరు చివర. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. జాతకచక్రం దొరికితే తిథి, వారం, నక్షత్రం మూడూ కలిసే రోజులు కొన్నే ఉంటాయి. ఎల్.డి. స్వామికన్ను పిళ్లై తయారుచేసిన పంచాంగ గణిత పట్టికలు ఇలాంటి లెక్కకు ఇవాళ్టికీ పనికొస్తున్నాయి. రెవెన్యూ లెక్కల్లో వాడే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1344 అంటే మద్రాసు వైపు 1934 జూలై నుంచి 1935 జూన్ వరకు. నిజాం రాజ్యంలో అదే ఫసలీ అజూర్ నెలతో అక్టోబరులో మొదలవుతుంది. బడి సర్టిఫికెట్ తేదీని మాత్రం నమ్మకూడదు. బళ్లో చేర్చుకోవడానికి వయసు సరిపోయేలా మాస్టారు వేసిన తేదీ అది చాలామందికి. కాగితంలో ఏ తేదీ ఎలా ఉందో అలాగే రాసి, మార్చిన ఇంగ్లీషు తేదీని పక్కన విడిగా రాయాలి. మార్చిన తేదీ ఒక్కటే ఉంచుకుంటే రేపు తప్పు దొరికినా సరిదిద్దే దారి ఉండదు.

తేదీ తర్వాత పేరు. మనవడికి తాత పేరు పెట్టే మన అలవాటువల్ల వెంకటరామయ్య కొడుకు సుబ్బయ్య, సుబ్బయ్య కొడుకు వెంకటరామయ్య, అతని కొడుకు మళ్లీ సుబ్బయ్య. పెదనాన్న కొడుకూ చిన్నాన్న కొడుకూ ఒకే తాత పేరు మోస్తారు. ఇంట్లో పిలిచే పేరు చిట్టి, దస్తావేజులో సీతారామాంజనేయులు, రేషన్ కార్డులో అంజి. దత్తత వెళ్లినవాడికి ఇంటిపేరే మారుతుంది. ఇల్లరికపుటల్లుడు మామగారి ఆస్తి అనుభవించినా ఇంటిపేరు తనదే. ఆడపిల్ల పెళ్లితో అసలు జాబితాలోంచే వెళ్లిపోతుంది. అందువల్ల మనిషిని పేరుతో గుర్తుపెట్టుకోవాలనుకోవడం పెద్ద పొరపాటు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఉండాలి. ఆ నంబరు ఎప్పటికీ మారకూడదు. పేర్లన్నీ, అన్ని రూపాలూ, ఆ నంబరు కిందికి రావాలి. ఆడవాళ్లను పుట్టింటి పేరుతోనే నమోదు చేయాలి.

ఆ మారని నంబరుతోపాటు, చెట్టులో పూర్వీకుల స్థానాలకు నంబరు వేయడానికి ప్రపంచమంతా వాడే ఒక తేలికైన పద్ధతి ఉంది. మొదలుపెట్టే మనిషి 1. తండ్రి 2, తల్లి 3. ఎవరి నంబరునైనా రెట్టింపు చేస్తే వాళ్ల తండ్రి, దానికి ఒకటి కలిపితే తల్లి. నాన్నగారి నాన్న 4, నాన్నమ్మ 5, అమ్మ నాన్న 6, అమ్మమ్మ 7. తెలుగు కుటుంబాలకు ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. అక్క కూతుర్ని చేసుకున్నవాళ్ల పిల్లలకు అమ్మమ్మ, నాన్న తోబుట్టువులు. కాబట్టి 4వ నంబరు తాతే 14, 5వ నంబరు నాన్నమ్మే 15 అవుతారు. మేనమామ కొడుకుని చేసుకున్న ఇంట్లో 8, 9 నంబర్లే 14, 15గా మళ్లీ వస్తాయి. మేనరికాలు రెండు మూడు తరాలు వరసగా జరిగిన ఇంట్లో పెద్ద చెట్టు అనుకున్నది చిక్కటి చిన్న పొదగా తేలుతుంది. విదేశీ సాఫ్ట్‌వేర్లు దీన్ని తప్పుగా అనుమానించి హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరిక చూసి ఇద్దరు వేరు మనుషులుగా విడదీసేవాళ్లున్నారు. విడదీయకూడదు. మనిషి ఒక్కడే, స్థానాలు రెండు.

నంబరు తర్వాత ఆధారం. ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండాలి. ఆఫీసు పేరు, పుస్తకం, సంవత్సరం, దస్తావేజు నంబరు, పేజీ, చూసిన తేదీ. నోటిమాటైతే చెప్పినవాళ్లు ఎవరు, ఏ ఊళ్లో, ఏ రోజున, వాళ్లకు అది ఎలా తెలుసు. మేనత్త తాను కళ్లారా చూసిన పెళ్లి గురించి చెప్పడం వేరు, తన అత్తగారు చెప్పగా విన్న పెళ్లి గురించి చెప్పడం వేరు. రెండూ రాయాలి, రెండిటికీ ఒకే బరువు ఇవ్వకూడదు. ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచాలి. ఒకదాన్ని చెరిపేసిన రోజున ఆ పరిశోధన ఆగిపోయినట్టే.

ఫొటోల దగ్గర ఈ క్రమశిక్షణ ఇంకా ఎక్కువ కావాలి. పాత పెళ్లి గ్రూపు ఫొటోలో ముప్ఫైమంది ఉంటారు, ఇద్దరు పెద్దవాళ్లు తప్ప వాళ్లను పోల్చగలిగేవాళ్లు మిగలరు. ఫొటోను స్కాన్ చేసి, పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, వరసల వారీగా ఎడమనుంచి నంబర్లు వేసి, ఆ కాగితాన్ని పెద్దవాళ్ల ముందు పెట్టాలి. వేలు పెట్టి చూపించడం మొదలుపెడితే పేర్లతోపాటు కథలూ వస్తాయి, పక్కన ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తూ ఉండాలి. అసలు ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకూడదు, మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయాలి. 1970, 80ల నాటి రంగుల ఫొటోలు వెలిసిపోయే తొందరలో ఉన్నాయి, వాటి కంటే ముందరి నలుపు తెలుపు ఫొటోలే గట్టివి. అందుచేత స్కానింగ్‌లో రంగుల ఫొటోలకే ముందు వంతు. ఆ రోజుల్లో వచ్చిన జిగురు పేజీల ఆల్బమ్‌లు ఫొటో వీపును పట్టేసుకుంటాయి. బలవంతంగా పీకకుండా ఆల్బమ్‌లో ఉండగానే స్కాన్ చేయడం మేలు.

కాగితాలకు లామినేషన్ చేయించడం మన ఊళ్లలో బాగా వ్యాపించిన అలవాటు. దాన్ని గట్టిగా వ్యతిరేకించాలి. వేడితో అతికిన ప్లాస్టిక్‌ను కాగితం చింపకుండా మళ్లీ తీయలేరు, లోపలి ఆమ్లం కాగితాన్ని తింటూనే ఉంటుంది. సెల్లోటేపు కూడా అంతే, కొన్నేళ్లకు గోధుమరంగు మరక మిగిల్చి ఊడిపోతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు తీసేయాలి, తుప్పు కాగితాన్ని కొరుకుతుంది. దస్తావేజును మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితపు కవర్లో పరిచి ఉంచాలి. ట్రంకుపెట్టె మంచిదే, కాని నేల మీద కాదు, రేకుల కప్పు కింది అటక మీదా కాదు. కలరా ఉండలు పురుగును ఆపుతాయి, తేమను ఆపలేవు. తాళపత్రాలు ఉంటే ఇంటి వైద్యం మానుకుని, హైదరాబాదులోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలోనో తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థలోనో ఆకులు శుభ్రం చేసి నూనె పట్టించడం తెలిసినవాళ్లను అడగాలి.

ఎంత జాగ్రత్తగా ఉంచినా ఒకే ఇంట్లో ఉన్నది ఒక్క రాత్రిలో పోవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు నీళ్లలో నానాయి. బీరువాలోని పట్టా పాస్‌బుక్కులూ పెళ్లి ఆల్బమ్‌లూ బురదముద్దలయ్యాయి. ఫొటోగ్రాఫర్లకు పీటర్ క్రోగ్ చెప్పిన సూత్రం కుటుంబ చరిత్రకు చక్కగా సరిపోతుంది: మూడు కాపీలు, రెండు వేర్వేరు సాధనాల్లో, ఒకటి వేరే ఊళ్లో. ఇంట్లో ఒక హార్డ్ డిస్క్, హైదరాబాదులో ఉన్న తమ్ముడింట్లో ఇంకొకటి, క్లౌడ్‌లో మూడోది. ఏటా ఒక రోజు పెట్టుకుని, ఉగాది అయినా సరే, మూడూ తెరిచి ఫైళ్లు చదవగలుగుతున్నామో లేదో చూడాలి. పదేళ్ల కిందట సీడీలో దాచినవాళ్లలో చాలామందికి ఇవాళ సీడీ పెట్టడానికి కంప్యూటరే లేదు.

వాట్సాప్ గ్రూపులో పెట్టాం కదా అనుకోవడం ఇప్పుడు సర్వసాధారణం. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది, తీసిన తేదీ వంటి లోపలి వివరాలను తీసేస్తుంది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. దాచుకునే చోటుగా మాత్రం వాడకూడదు. ఒక్క వెబ్‌సైటును నమ్ముకోవడమూ అంతే. జియోసిటీస్ 2009లో మూతపడ్డప్పుడు వేలకొద్దీ కుటుంబ పుటలు పోయాయి. యాన్సెస్ట్రీ సంస్థ తన మైఫ్యామిలీ సేవను 2014లో ఆపేసింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడినా దాని నుంచి జెడ్‌కామ్ ఫైలు బయటికి తీసి దాచుకోవాలి. 1984లో మార్మన్ చర్చి తయారుచేసిన ఈ ఫైలు పద్ధతినే ఇవాళ్టికీ వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లు దాదాపు అన్నీ చదువుతున్నాయి. డబ్బు పెట్టలేనివాళ్లకు గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఇంకొక ప్రమాదం ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు. 1990లనుంచి ఎన్నో కుటుంబాలు వంశచరిత్ర పుస్తకాలను డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్లో కంపోజ్ చేయించాయి. ఆ ఫైల్లో ఉన్నది తెలుగు అక్షరాలు కావు, తెలుగులా కనిపించే ఇంగ్లీషు కోడ్లు. ఇవాళ తెరిస్తే వంకరటింకర గుర్తులు తప్ప ఏమీ కనిపించవు, వెతికితే ఒక్క పేరూ దొరకదు. ఆ ఫైళ్లున్నవాళ్లు యూనికోడ్‌కు మార్పించుకోవాలి, మార్చాక ప్రతి పేరునూ అచ్చు పుస్తకంతో సరిచూడాలి. ఒత్తులూ అరసున్నలూ మార్పిడిలో తారుమారవుతాయి. ఫైలు పోయి అచ్చు కాపీ ఒక్కటే మిగిలినవాళ్లు దాన్ని స్కాన్ చేసి, పేర్లనైనా తిరిగి టైపు చేయించాలి.

అందరితో పంచుకోవాలన్న ఉత్సాహానికి ఒక గట్టు ఉండాలి. బతికున్నవాళ్ల పుట్టిన తేదీ, తల్లి పుట్టింటి పేరు, చిరునామా బహిరంగంగా పెట్టకూడదు. బ్యాంకులు ఖాతాదారుణ్ణి గుర్తుపట్టడానికి అడిగే ప్రశ్నలకు జవాబులవి. ఉమ్మిని ట్యూబులో పంపి వేళ్లు కనుక్కునే డీఎన్ఏ పరీక్షలు పంపినవాళ్ల సంగతే కాక అన్నదమ్ములు, పినతండ్రి పిల్లల సంగతి కూడా బయటపెడతాయి. 23అండ్‌మీ సంస్థనుంచి 2023లో దాదాపు 69 లక్షలమంది వివరాలు దొంగల చేతికి చిక్కాయి, 2025 మార్చిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఇంట్లో నలుగురితో మాట్లాడకుండా ఆ పనికి దిగకూడదు. రెండో పెళ్లి, దాచిన దత్తత, కులాంతర వివాహంతో తెంచుకున్న బంధం వంటివి తవ్వకంలో తప్పక బయటపడతాయి. అవి రాయాలి. రాసింది ఎప్పుడు, ఎవరు చదవవచ్చో కూడా రాయాలి. నొప్పి తగిలే మనిషి ఉన్నంతకాలం ఆ పేజీలు విడిగా కవర్లో ఉండవచ్చు. చింపేయడం మాత్రం తప్పు.

చివరికి అప్పగింత. అందరూ వాయిదా వేసేది దీన్నే. కుటుంబంలో ఎవరికి ఆసక్తి ఉందో చూసి, పేరు పెట్టి, వాళ్లను అడిగి, ఒప్పించి, కాగితం మీద రాయాలి. కొడుకే కానక్కర్లేదు. మేనకోడలు కావచ్చు, తోడికోడలి మనవడు కావచ్చు. ఫైళ్లు ఎక్కడున్నాయి, పాస్‌వర్డులు ఎక్కడున్నాయి, నంబర్ల పద్ధతి ఏమిటి, ఏ పెట్టెలో ఏ అసలు దస్తావేజు ఉంది అన్నది ఒకే పేజీలో పట్టాలి. గూగుల్ ఖాతా రెండేళ్లు తెరవకపోతే దాన్ని తొలగించే నియమం ఉంది. ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్‌లో వారసుల మెయిల్ ముందే నమోదు చేసిపెడితే ఫొటోలూ ఫైళ్లూ వాళ్లకు అందుతాయి. ఆపిల్ ఫోన్లలోనూ అలాంటి ఏర్పాటు ఉంది. పని పూర్తి కావాలని ఎదురు చూడకుండా, ఉన్నంతవరకు యాభై కాపీలు అచ్చువేసి ఇంటింటికీ ఒకటి ఇవ్వడం అన్నిటికంటే గట్టి రక్షణ. 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ రికార్డుల భవనం అంతర్యుద్ధంలో కాలిపోతే, ఐర్లండ్‌వాళ్లు శతాబ్దం తర్వాత దాన్ని మళ్లీ కంప్యూటర్లో కట్టుకున్నది ఇతర గ్రంథాలయాల్లోనూ ఇతర దేశాల్లోనూ మిగిలిన నకళ్లతోనే.

ఇంటింటికీ ఇచ్చే ఆ పుస్తకం చివరి పేజీలో తేలని ప్రశ్నలు వరసగా అచ్చు వేయాలి. రంగూన్‌లో పనిచేసిన పెద్దన్న బాంబుదాడుల తర్వాత 1942లో కాలినడకన బయల్దేరినవాళ్లలో ఉన్నాడా? ముత్తాత మొదటి భార్య ఏ ఊరి పిల్ల? ఇంటిపేరులో ఉన్న ఊరు కృష్ణా జిల్లాలోదా, ఖమ్మం జిల్లాలోదా? ప్రతి ప్రశ్న పక్కనా ఇప్పటిదాకా ఏ ఆఫీసులో ఏ పుస్తకం చూశారో, అందులో ఏమీ దొరకలేదన్న సంగతి కూడా రాస్తే, తర్వాత పూనుకునేవాళ్లు అవే మెట్లు మళ్లీ ఎక్కనక్కర్లేకుండా నేరుగా తర్వాతి కాగితం దగ్గరికి వెళ్తారు.